మీకు తెలుసా? మూగబోయిన వాకీటాకీకి ఇంకా ప్రాణముంది!

మన కామారెడ్డి జిల్లా పిట్లం మీదుగా 161వ నంబరు జాతీయ రహదారి పోతుంది కదా! దాని పక్కన డ్యూటీలో ఉన్న పోలీసు చేతిలో నల్లటి సెట్టును చూసే ఉంటారు. అదే వాకీటాకీ! సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడేటప్పుడు దానికి ఎన్ని టవర్లు కావాలో తెలుసా? 0! సిమ్ అక్కర్లేదు. రీఛార్జ్ అక్కర్లేదు. ఇంత గట్టి పరికరాన్ని ‘ఇక పనికిరాదు’ అని మూలన పడేసేవాళ్లు ఎందరో! ఆ పని చేసే ముందు ఈ ముచ్చట్లు వినండి!

ఆ సెట్టు గాలిలోకి వదిలే శక్తి ఎంతో ఊహించండి! చాలా చేతి సెట్లకు 5 వాట్లే! వరండాలో వెలిగే ఎల్‌ఈడీ బల్బు కూడా అంతకంటే ఎక్కువే తాగుతుంది. అంత తక్కువ శక్తితో మాట ఊరు దాటి పోతోంది! అందుకే ఇక్కడ రవ్వంత నష్టం జరిగినా మాట ఆగిపోవచ్చు. ఆ రవ్వంత ఎక్కడ పోతోందో కనిపెట్టారా, సగం రిపేరు అయిపోయినట్టే!

అవతలివాళ్ల మాటలు బాగానే వినిపిస్తున్నాయి. మనం మాట్లాడుదామని బటన్ నొక్కగానే సెట్టు ఆరిపోతోంది! లోపలి ఐసీ చిప్పు కాలిపోయిందని భయపడకండి. మాట్లాడే క్షణంలో సెట్టు లాగే కరెంటు, ఊరికే ఆన్‌లో ఉన్నప్పటికంటే 10 రెట్లకు మించి ఉంటుంది! ముసలి బ్యాటరీ ఆ బరువు మోయలేక చతికిలబడుతుంది. అందుకే తెలిసిన మెకానిక్ ఉత్త బ్యాటరీకి మీటరు పెట్టి ఊరుకోడు. చిన్న బల్బును లోడుగా పెట్టి, అంకె ఎంత పడిపోయిందో చూస్తాడు!

బ్యాటరీ దెబ్బ ఆకాశంలోనూ తప్పలేదు, తెలుసా? 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఇస్రో హ్యామ్‌శాట్ అనే బుల్లి ఉపగ్రహాన్ని పంపింది. అభిరుచితో రేడియోలో మాట్లాడుకునే హ్యామ్ రేడియో వాళ్ల మాటల్ని పైనుంచి దేశదేశాలకు అందించేది అది! 2 ఏళ్లు పనిచేస్తే చాలనుకున్నారు. 9 ఏళ్లు పనిచేసింది! చివరికి 2014లో ఆగింది. ఎందుకు? లిథియం బ్యాటరీ పోయింది! కక్ష్యలో ఉన్నా, కామారెడ్డిలో ఉన్నా మొదట అనుమానించాల్సింది బ్యాటరీనే!

మే నెలలో మన దగ్గర ఎండ ఎట్లుంటుందో చెప్పాలా! లిథియం బ్యాటరీ ఛార్జింగ్‌కు మామూలుగా పెట్టే హద్దు 45 డిగ్రీలు! ఎండలో నిలిపిన జీపు డ్యాష్‌బోర్డు ఆ హద్దును ఇట్టే దాటేస్తుంది. అక్కడ ఛార్జింగ్ పెట్టారా, బ్యాటరీ ఆయుష్షు కరిగినట్టే! ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే మాత్రం నొక్కకండి, గుచ్చకండి. పక్కన పెట్టేసి కొత్తది కొనండి!

బ్యాటరీ కొత్తది. ఛార్జింగ్ నిండా ఉంది. అయినా సెట్టు వెలగదు! బ్యాటరీ ఊడదీసి వెలుతురుకు తిప్పి చూడండి. అంచున పసుపు రంగులో చిన్న చిన్న రేకులుంటాయి. వాటి మీద పచ్చటి పొర పేరుకుందా? చెమట, తేమ కలిసి చేసిన పని అది! పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి. వేలు పోసి కొన్న సెట్టును 5 రూపాయల రబ్బరు లేపి కూర్చోబెడుతుంది!

సెట్టు వెలిగింది. పచ్చలైటు మిణుకుమంటోంది. చప్పుడు మాత్రం లేదు! స్పీకరును తిట్టకండి. పక్కనున్న ఇయర్‌ఫోన్ బెజ్జంలోకి తొంగి చూడండి. ఆ బెజ్జంలో దుమ్ము ఇరుక్కుంటే లోపలి స్విచ్చు మోసపోతుంది! ఇయర్‌ఫోన్ పెట్టారనుకుని స్పీకరును ఆపేస్తుంది! ఇయర్‌ఫోన్ పిన్నును నాలుగైదుసార్లు పెట్టి తీయండి. ఒక్కోసారి దాంతోనే గొంతు తిరిగొస్తుంది!

అయినా పలకలేదా? స్పీకరు బతికుందో లేదో క్షణంలో తేల్చొచ్చు! సెట్టు ఆపండి, బ్యాటరీ తీయండి, డబ్బా విప్పండి. స్పీకరు వైరు ఒకటి ఊడదీయండి. ఇప్పుడు గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లును స్పీకరు కొసలకు ఒక్క క్షణం తాకించండి. ‘టక్’ మన్నదా? స్పీకరు భేషుగ్గా ఉంది!

ఆ సెల్లును చేతిలోనే ఉంచుకోండి, అసలు వింత ఇప్పుడు చెబుతా! దాని వోల్టేజీని 75 లక్షల భాగాలు చేయండి. అందులో ఒక్క భాగం యాంటెన్నాకు తగిలితే చాలు! మంచి వాకీటాకీ దాన్ని పట్టేసి, పెంచి, మనిషి గొంతుగా మార్చి వినిపిస్తుంది!

అంత సన్నటి సిగ్నలును ఒక్కోసారి మనమే బయట నిలబెడతాం! స్క్వెల్చ్ అనే సెట్టింగ్ చూశారా? చాలా సెట్లలో 0 నుంచి 9 వరకు మెట్లుంటాయి. 9లో పెడితే దూరపు గొంతులు లోపలికి రానే రావు! 0లో పెడితే ‘హుస్స్’ మని హోరు మొదలవుతుంది. ఆ హోరు వినిపిస్తే సంతోషించండి! స్పీకరు, వాల్యూమ్ రెండూ బాగున్నట్టే!

ఇది ఇంకా చిత్రం! రెండు సెట్లూ ఒకే ఛానల్‌లో ఉన్నాయి. అవతల మాట్లాడితే ఇవతల పచ్చలైటు వెలుగుతోంది. మాట మాత్రం రాదు! దొంగ ఎవరు? టోన్! మాటతో పాటే ఒక బొంగురు శబ్దం దాక్కుని వస్తుంది. దాని ఫ్రీక్వెన్సీ 67 నుంచి 254.1 హెర్ట్జ్ దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మన చెవి వినగలిగిందే అది! సెట్టే దాన్ని వడగట్టి మనకు వినిపించకుండా చేస్తుంది. రెండు సెట్లలో టోన్ కలవకపోతే మాట బయటికి రాదు. వినే సెట్టులో టోన్ ఆఫ్ చేసి చూడండి. స్క్రూడ్రైవర్ ముట్టకుండానే రిపేరు పూర్తి!

అవతలివాళ్ల గొంతు నూతిలోంచి వచ్చినట్టు నీరసంగా ఉందా? వాల్యూమ్ తిప్పి తిప్పి అలసిపోకండి! ఒక సెట్టు 25 కిలోహెర్ట్జ్ వెడల్పులో, ఇంకోటి అందులో సగంలో ఉన్నాయేమో చూడండి. మెనూలో వైడ్, న్యారో అని ఉంటుంది. రెండూ ఒకటే చేయండి. గొంతు ఖంగుమంటుంది!

ఒక్కసారిగా ఎవరి మాటా ఎవరికీ అందట్లేదా? సెట్లన్నీ చెడిపోయాయని కంగారు పడకండి! చెడింది 1 సెట్టే కావచ్చు! దాని మాట్లాడే బటన్ లోపల ఇరుక్కుపోయి, ఆపకుండా ప్రసారం చేస్తూ ఛానల్ మొత్తాన్ని మూసేస్తోంది. ఎర్రలైటు ఆరకుండా వెలుగుతున్న సెట్టు ఏదో వెతకండి. దొంగ దొరికినట్టే! బటన్ చుట్టూ చేరిన మట్టిని మెత్తటి బ్రష్షుతో తీసేయండి.

మైకు ఎక్కడుందో తెలుసా? ముందు వైపు సూదిమొన గుచ్చినట్టున్న చిన్న రంధ్రం వెనక! చాలామంది బొటనవేలితో దాన్నే మూసి మాట్లాడతారు! వేలు తీయండి. నోటికి 5 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట మొదలుపెట్టండి. మొదటి మాట తెగిపోదు!

యాంటెన్నా జానెడే కదా అనుకుంటున్నారా? 146 మెగాహెర్ట్జ్ తరంగంలో పావు భాగమే 51 సెంటీమీటర్లు! మరి జానెడు యాంటెన్నా ఎలా సరిపోతుంది? నల్ల రబ్బరు లోపల తీగను స్ప్రింగులా చుట్టి దాచారు! రబ్బరును మడిచి జేబులో కుక్కితే ఆ చుట్టలు చెదురుతాయి. అనుమానం ఉంటే అదే రకం సెట్టు నుంచి మంచి యాంటెన్నా తెచ్చి బిగించి చూడండి. నిమిషంలో తేలిపోతుంది!

యాంటెన్నా విప్పేసి బటన్ నొక్కుతున్నారా? ఆగండి, ఆగండి! బయటికి పోవాల్సిన శక్తి దారి లేక వెనక్కి తిరుగుతుంది. లోపలి పవర్ ట్రాన్సిస్టర్‌ను కాల్చేయొచ్చు! మెకానిక్‌లు యాంటెన్నా బదులు 50 ఓముల డమ్మీ లోడు బిగిస్తారు. శక్తి అంతా అందులో వేడిగా మారిపోతుంది. ట్రాన్సిస్టర్ చల్లగా బతుకుతుంది!

సెట్టును అడ్డంగా పట్టుకుని మాట్లాడేవాళ్లను చూశారా? అవతలివాళ్ల యాంటెన్నా నిలువుగా, మీది అడ్డంగా ఉంటే అందే శక్తి 100లో 1 వంతుకు పడిపోవచ్చు! విప్పింది లేదు, అతికింది లేదు. చెయ్యి నిటారుగా పెట్టండి, మాట తిరిగొస్తుంది!

సెట్టును కాస్త ఊపితే మాట వస్తోంది, పోతోంది. ఇదేం మాయ? డ్రై సోల్డర్! యాంటెన్నా సాకెట్టు దగ్గర భూతద్దం పెట్టి చూడండి. మెరవాల్సిన సోల్డర్ బూడిద రంగులో ఉంటుంది. పిన్ను చుట్టూ వెంట్రుక మందాన గుండ్రటి పగులు కనిపిస్తుంది! తగరం, సీసం కలిసిన 63/37 సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది. కొంచెం ఫ్లక్స్ రాసి, సోల్డరింగ్ ఐరన్ మొనను రెండు మూడు క్షణాలు ఆనిస్తే పగులు పూడిపోతుంది!

145 మెగాహెర్ట్జ్ అంటే ఏమిటో తెలుసా? ఒక్క సెకనులో 14.5 కోట్ల కంపనాలు! ఈ లెక్క తప్పకుండా చూసేది లోపలున్న చిన్న క్రిస్టల్. సెట్టు గట్టిగా కింద పడితే దానికి దెబ్బ తగలొచ్చు! అప్పుడు సెట్టు పక్క ఫ్రీక్వెన్సీకి జారిపోయి, పాత ఛానల్‌లో గొంతు వంకరగా వినిపిస్తుంది.

ఐపీ67 అని రాసున్న సెట్టు 1 మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు మునిగినా బతుకుతుంది! కానీ చుట్టూ ఉన్న సన్నటి రబ్బరు రింగు సరిగ్గా కూర్చుంటేనే ఆ రక్ష! డబ్బా విప్పి మూసేటప్పుడు రింగు మెలిపడితే వాన చినుకే చాలు. ఆ గుర్తు లేని సెట్టు తడిసిందా? ముందు బ్యాటరీ పీకేయండి! పూర్తిగా ఆరేదాకా ఆన్ చేయకండి.

రిపేరు అయింది, ఇక దూరం పెంచాలా? వాట్లు పెంచడం కంటే మెట్లెక్కడం మేలు! అడ్డులేని చదును నేల మీద నిలబడ్డ ఇద్దరి మధ్య లెక్క ప్రకారం తరంగం చూపు 10 కిలోమీటర్లు. ఒకరు 9 మీటర్ల ఎత్తు మేడ ఎక్కితే అది 17 కిలోమీటర్లు దాటుతుంది! అదే వాట్లు పెంచి దూరాన్ని రెట్టింపు చేయాలంటే, ఏ అడ్డూ లేని చోట కూడా 4 రెట్ల శక్తి కావాలి!

గుట్ట అవతలి ఊరు అందదు. అంతరిక్షం అందుతుంది! నమ్ముతారా? 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం హ్యామ్ రేడియోలో మాట్లాడేటప్పుడు, అది మన నెత్తిమీదుగా పోతే చేతి సెట్టులోనే వినొచ్చు! మధ్యలో అడ్డేమీ లేదు కదా! 2025 జులైలో వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడి నుంచి బెంగళూరులోని విద్యార్థులతో మాట్లాడింది హ్యామ్ రేడియోలోనే!

ఇప్పుడో పాత ముచ్చట! రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల చేతి సెట్టు బరువు 2.3 కిలోలు! దానికి మామూలు ఆన్ బటన్ కూడా లేదు. యాంటెన్నా బయటికి లాగితే ఆన్, లోపలికి నెడితే ఆఫ్! యాంటెన్నా లేకుండా మాట్లాడే పొరపాటుకు అప్పట్లో చోటే లేదన్నమాట!

2025 ఆగస్టు చివర మన కామారెడ్డి జిల్లా వానలు గుర్తున్నాయా? ఆర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి కురిసింది! రోడ్లు తెగాయి, పట్టాలు మునిగాయి. అలాంటి వేళ టవరు అడగని సెట్టు ఎంత విలువైందో వేరే చెప్పాలా! వానలు మొదలవకముందే బ్యాటరీలు, రేకులు, యాంటెన్నాలు చూసి పెట్టుకోవాలి!

ఆపదలో రేడియో విలువకు మన హైదరాబాదే సాక్షి! అక్కడి జాతీయ హ్యామ్ రేడియో సంస్థ బృందం 2004 డిసెంబరులో రేడియో యాత్రకని అండమాన్ వెళ్లింది. భారతీ ప్రసాద్ నాయకురాలు. 26న సునామీ విరుచుకుపడింది! ఫోన్లు మూగబోయాయి. వాళ్ల రేడియో మోగింది! దీవుల క్షేమ సమాచారాలు ఆ గొంతుల మీదే బయటి ప్రపంచానికి చేరాయి!

ఒక్క మాట, చెవిలో చెబుతా! బాగైన ప్రతి సెట్టునూ ఎవరైనా వాడేయొచ్చనుకోకండి. మన దేశంలో మామూలు జనం లైసెన్సు లేకుండా వాడే చిన్న వాకీటాకీలకు ఇచ్చిన చోటు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకే! ఆ సెట్టుకు కూడా ప్రభుత్వ ఆమోదం ఉండాలి. పోలీసుల ఛానల్‌లోకి పొరపాటున కూడా దూరకండి. ఆ క్షణంలో ఎవరి ప్రాణమో ఆ మాట మీద ఆధారపడి ఉండొచ్చు!

అసలు బహుమతి చివరికి దాచాను! హ్యామ్ రేడియో పరీక్ష రాయడానికి కావాల్సిన కనీస వయసు ఎంతో తెలుసా? 12 ఏళ్లే! అంటే పిట్లం హైస్కూలు పిల్లలూ రాయొచ్చు! పాసై లైసెన్సు తెచ్చుకుంటే ‘వీయూ’తో మొదలయ్యే పిలుపు గుర్తు ఇస్తారు. ప్రపంచం మొత్తంలో అది ఆ ఒక్కరిదే! మీ ఇంట్లో రిమోట్లు విప్పి చూసే పిల్లలున్నారా? కసరకండి! చేతికో మల్టీమీటరు ఇచ్చి, ఈ పరీక్ష సంగతి చెప్పండి!