రచయిత్రి పోయాక వచ్చిన నవలలు

అమెరికన్ రచయిత్రి వి.సి. ఆండ్రూస్ బతికుండగా వెలువడిన నవలలు ఏడే. 1986 డిసెంబరులో ఆమె క్యాన్సర్‌తో పోయారు. ఆ తర్వాత అదే పేరుతో డజన్ల కొద్దీ నవలలు వచ్చాయి. వాటిని రాసింది ఆండ్రూ నీడర్‌మన్. న్యూయార్క్ రాష్ట్రంలో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మాస్టారు, అప్పటికే సొంత పేరుతో భయానక నవలలు రాసిన మనిషి. ఇద్దరి పుస్తకాల వ్యవహారాలూ చూసే ఏజెంటు ఒకరే కావడంతో పని ఆయన చేతికొచ్చింది.

అన్నిటికీ మూలం 1979లో వచ్చిన ‘ఫ్లవర్స్ ఇన్ ది యాటిక్’. తండ్రి కారు ప్రమాదంలో పోతాడు. తల్లి నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని వర్జీనియాలోని పుట్టింటికి చేరుతుంది. ముసలి తండ్రి ఆస్తి తనకు దక్కాలంటే ఈ పిల్లలున్న సంగతే ఆయనకు తెలియకూడదు. కొద్దిరోజులే కదా అని వాళ్లను మేడమీద ఒక గదిలో దాస్తుంది. ఆడుకోవడానికి దాని పైనున్న అటకే దిక్కు. ఆ కొద్దిరోజులు కాస్తా మూడేళ్లు దాటిపోతాయి. పిల్లలు కాగితాలు కత్తిరించి పూలు చేసి అటకనే తోటగా మార్చుకుంటారు. అమ్మమ్మ తెచ్చే తిండిబుట్టలో కొన్నాళ్లకు చక్కెరపొడి చల్లిన డోనట్లు రావడం మొదలవుతుంది. ఆ తెల్లటి పొడిలో ఆర్సెనిక్ కలిపారు. పిల్లల్లో ఇద్దరు కవలలు; వాళ్లలో మగపిల్లవాడు చనిపోతాడు.

పాత మేడ, తాళం వేసిన గది, వంశ రహస్యం... గోథిక్ నవలకు ఇవి రెండు శతాబ్దాల నాటి సరంజామా. ఆండ్రూస్ వాటిని ఒక ఆడపిల్ల నోట చెప్పించారు, దెయ్యం ఉండాల్సిన చోట కన్నతల్లిని నిలబెట్టారు. అన్నాచెల్లెళ్ల మధ్య సంబంధం కూడా కథలో ఉండడంతో కొన్ని స్కూలు లైబ్రరీలు పుస్తకాన్ని తీసేశాయి. ఆడపిల్లలు చాటుగా చదివారు. ఆండ్రూస్ యుక్తవయసులో స్కూలు మెట్ల మీద పడి, వెన్ను దెబ్బతిని, ఊతకర్రలతో, చక్రాల కుర్చీతో బతికిన మనిషి. బొమ్మలు వేసి సంపాదించారు. తొలి నవల అచ్చయ్యేనాటికి ఆమెకు 56 ఏళ్లు. ఆ అటకలోని ఉక్కిరిబిక్కిరి ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే వెతకక్కర్లేదని నా నమ్మకం. నీడర్‌మన్ ఆమె వాక్యాన్నీ కథ నడిపే తీరునూ శ్రద్ధగా పట్టుకున్నారు. కథలు సాఫీగానే నడుస్తాయి. ఆ ఊపిరాడనితనం మాత్రం వాటిలోకి రాలేదు.

ఈ వ్యవహారంలో అన్నిటికన్నా విచిత్రమైన ఘట్టం కోర్టులో నడిచింది. ఆండ్రూస్ వదిలివెళ్లిన ఆస్తి లెక్కలో కుటుంబం ఆమె పేరును చేర్చలేదు. పోయిన మనిషి పేరుతో కొత్త పుస్తకాలు అమ్ముతున్నారంటే ఆ పేరూ ఆస్తే, దానికీ పన్ను కట్టాలంది అమెరికా పన్నుల శాఖ. 12 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టింది. వేరే మనిషి రాస్తే పాఠకులు కొంటారో లేదో ఆమె చనిపోయిన రోజున ఎవరికి తెలుసని వారసులు వాదించారు. పేరు ఆస్తేనని 1994లో కోర్టు తేల్చింది. అయితే ఆ అనుమానానికీ విలువిచ్చి లెక్కను 7,03,500 డాలర్లకు తగ్గించింది.

ఒకరు ఆపిన చోట మరొకరు అందుకోవడం మనకు కొత్త కాదు. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని ఎర్రన దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత పూరించాడు. నన్నయ రచనగానే సాగించి, ఆయన రాజైన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. కానీ పూరించింది తానని చివర్లో చెప్పుకున్నాడు. ఆండ్రూస్ నవలల విషయంలో అలా చెప్పకపోవడమే నన్ను బాధపెడుతుంది. 1987లో ‘ఫ్లవర్స్ ఇన్ ది యాటిక్’ కుటుంబగాథకు పూర్వకథగా ‘గార్డెన్ ఆఫ్ షాడోస్’ వచ్చినప్పుడు అట్టమీద ఆమె పేరొక్కటే ఉంది. తర్వాతి పుస్తకాల్లో కుటుంబం తరఫున ఒక లేఖ వేశారు. జాగ్రత్తగా ఎంచుకున్న ఒక రచయిత ఈ కథలను కొనసాగిస్తున్నారన్నారే తప్ప ఆ రచయిత ఎవరో చెప్పలేదు. డబ్బు పెట్టి కొన్న పాఠకురాలికి ఆ మాట చెప్పి ఉండాల్సింది. రాత్రింబవళ్లు కూర్చుని రాసిన మనిషికీ ఆ గౌరవం దక్కాల్సింది.

2022లో నీడర్‌మన్ ఆండ్రూస్ జీవితచరిత్ర రాశారు. ఆ పుస్తకం అట్టమీద రచయితగా ఆయన పేరే ఉంది.