16వ రోజు ఏమవుతుంది?

హైదరాబాద్ శివారు అల్మాస్‌గూడ గల్లీల్లో టు-లెట్ బోర్డులకు కొదవ లేదు. అయినా స్కూళ్లు నడుస్తుండగా ‘వచ్చే నెలకల్లా పోర్షన్ ఖాళీ చెయ్యండి’ అని ఓనరు అంటే గుండె గుభేలుమంటుంది. అప్పుడు చాలామంది ధైర్యం చెప్పుకొనేది రెంట్ కంట్రోల్ చట్టం పేరు తలచుకొని. ఆ ధైర్యం ఇక్కడ చాలావరకు ఉత్తిదే.

1960 నాటి ఆ చట్టం తెలంగాణలో ఇంకా ఉంది. ఖాళీ చేయించాలంటే ఓనరు, కావాలని అద్దె ఎగ్గొట్టడం, చెప్పకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం, ఓనరుకే ఇల్లు అవసరపడటం లాంటి కారణం చూపాలంటుంది. కానీ 2005 సవరణతో, కట్టి 15 ఏళ్లు నిండని ఇళ్లూ, కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలూ దాని పరిధి నుంచి తప్పుకున్నాయి. ఆ డబ్బుకు ఇప్పుడు సింగిల్ రూమ్ దొరికితే గొప్పే!

ఇక మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 106వ సెక్షన్. నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చాలు, కారణం చెప్పక్కర్లేదు. అగ్రిమెంట్‌లో రెండు నెలలని రాసుకుంటే అదే చెల్లుతుంది. 11 నెలల కాగితంలో అద్దె, అడ్వాన్స్ అంకెలు చూసి సంతకం పెట్టేస్తాం గానీ, అసలు చదవాల్సింది నోటీసు పేరా. గడువు తీరాక కూడా ఓనరు అద్దె తీసుకుంటూ పోతే, మామూలుగా అది నెలవారీ అద్దె కిందికి వస్తుంది.

నోటీసు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. పోస్టులో రావాలి, లేదా మీకో ఇంట్లోవాళ్లకో చేతికివ్వాలి. కుదరకపోతే ఇంటికి కనబడేచోట అంటించాలి. మెట్ల దగ్గర నిలబడి గట్టిగా చెప్పింది లెక్కలోకి రాదు. రోజులు నోటీసు అందిన తేదీ నుంచి మొదలు. పూర్వం ఆ గడువు అద్దె నెల చివరితోనే ముగియాలనేవారు, తేదీ తప్పితే కేసు వీగిపోయేది. 2002 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణ ఆ చిక్కు తీసేసింది.

మరి 16వ రోజున? ఓనర్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. నోటీసు అద్దె ఒప్పందాన్ని ముగిస్తుందంతే, మనిషిని బయటికి పంపదు. అందుకు దావా వేసి డిక్రీ తెచ్చుకోవాలి. ఈ ప్రాంతం వాళ్లు వెళ్లేది ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులకు. ఈలోగా తాళం మార్చి సామాను బయట పడేస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద అద్దెదారు ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న అక్కడ అడ్డురాదు.

ఖాళీ చేసి వెళ్లాలనుకునే అద్దెదారుకూ ఇవే 15 రోజులు. చెప్పాపెట్టకుండా రాత్రికి రాత్రి ఆటో ట్రాలీలో సామాను ఎక్కించి, తెల్లారి అడ్వాన్స్ మొత్తం ఇమ్మంటే పేచీ తప్పదు.