టీమ్ డిన్నర్ ఐరిష్ పబ్‌లో అంటే... ప్లేటులో ఏముంటుంది? బిల్లులో ఏముంటుంది?

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీ నగర్ నుంచి రోజూ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, హైటెక్ సిటీకి ఉద్యోగానికి వెళ్లే యువతీ యువకుల్లో ముస్లిం కుటుంబాల పిల్లలు చాలామందే ఉన్నారు. ఎల్బీ నగర్ దాకా మెట్రో 2018 సెప్టెంబర్‌లో, హైటెక్ సిటీ దాకా 2019 మార్చిలో వచ్చింది. అప్పటి నుంచి అటు ఉద్యోగాలే కాదు, ఆఫీసు దావత్‌లు కూడా దగ్గరయ్యాయి. ఏదో ఒక శుక్రవారం మేనేజర్ నుంచి మెయిల్ వస్తుంది: ఈ సాయంత్రం టీమ్ డిన్నర్, ఐరిష్ పబ్‌లో. ఇంట్లో అమ్మీకి చెప్తే 'పబ్' అనే మాట దగ్గరే ఆగిపోతుంది. పిల్లలేమో 'తాగం, తినే వస్తాం' అంటారు.

అయితే అక్కడ తినేది ఏమిటి? తాగకపోతే సరిపోతుందా? వెళ్లాలా వద్దా అని తేల్చుకునే ముందు తెలియాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

అసలు ఐరిష్ పబ్ అంటే?

పబ్ అంటే 'పబ్లిక్ హౌస్'కి పొట్టి పేరు. ఐర్లాండ్ పల్లెల్లో ఒకప్పుడు ఇది కిరాణా కొట్టు, మద్యం దుకాణం, ఊరివాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటు, అన్నీ ఒకటే. 1990లలో డబ్లిన్‌కు చెందిన గిన్నిస్ బీరు కంపెనీ దన్నుతో ఈ తరహా పబ్బులు ప్రపంచమంతా తెరుచుకున్నాయి. ముదురు రంగు చెక్క పని, పాత బోర్డులు, పచ్చ రంగు, ఫుట్‌బాల్ మ్యాచ్ చూపించే టీవీలు దాని గుర్తులు. హైదరాబాద్‌లో బేగంపేటలోని ఐటీసీ కాకతీయ హోటల్ 'డబ్లిన్' బార్ ఈ తరహాదే. దిల్‌సుఖ్‌నగర్ వైపు 'బార్ అండ్ రెస్టారెంట్' బోర్డులే కనిపిస్తాయి కానీ ఈ పద్ధతి పబ్బులు ఎక్కువగా జూబ్లీహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి వైపే.

ఐర్లాండ్ అంటే తాగుడే అనుకోవడం కూడా సరికాదు. అక్కడ 1838లో ఫాదర్ థియోబాల్డ్ మాథ్యూ మొదలుపెట్టిన మద్యపాన వ్యతిరేక ఉద్యమంలో లక్షల మంది తాగమని ప్రమాణం చేశారు. గుడ్ ఫ్రైడే రోజు పబ్బులు మూసేయాలన్న చట్టం 2018 వరకూ ఉంది. ఆ దేశపు వంటకి పునాది బంగాళాదుంప. 1845లో ఆ పంటకి తెగులు తగిలి కరువు వచ్చింది, దాదాపు 10 లక్షల మంది చనిపోయారు. 1847లో ఒట్టోమన్ సుల్తాన్ అబ్దుల్ మజీద్ ఆ కరువు బాధితులకి వెయ్యి పౌండ్లు పంపారు.

ప్లేటులో చూసుకోవాల్సినవి

పేరు చూసి కొన్ని తేలిగ్గా తెలిసిపోతాయి. బేకన్, హామ్ అంటే పంది మాంసం. 'బ్యాంగర్స్ అండ్ మ్యాష్'లో ఉండేది సాధారణంగా పంది మాంసం సాసేజ్. 'బ్లాక్ పుడ్డింగ్' పేరుకి పుడ్డింగే కానీ పంది రక్తంతో చేసేది. 'డబ్లిన్ కాడిల్'లో సాసేజ్, బేకన్ రెండూ పడతాయి.

చిక్కంతా పేరులో తెలియని వాటితోనే:

- ఫిష్ అండ్ చిప్స్: చేపకి పేచీ లేదు. కానీ పైన పూసే పిండిని చాలాచోట్ల బీరుతో కలుపుతారు. ఆనియన్ రింగ్స్ కూడా అంతే.
- ఐరిష్ స్టూ: మటన్, బంగాళాదుంప, ఉల్లిగడ్డతో చేసేది. 'గిన్నిస్ స్టూ' మాత్రం బీరులో ఉడికించిన బీఫ్.
- షెపర్డ్స్ పై: మటన్ ఖీమా మీద బంగాళాదుంప ముద్ద. గ్రేవీలో వైన్ పోశారేమో అడగాలి.
- ఐరిష్ కాఫీ: పేరు కాఫీయే, అందులో విస్కీ ఉంటుంది.
- చికెన్ వింగ్స్, డెజర్ట్‌లు: విస్కీ సాస్, బెయిలీస్ క్రీమ్, రమ్, జెలటిన్ పడే అవకాశం ఉంది.

'ఉడికితే మద్యం ఎగిరిపోతుంది కదా' అనే మాట తరచూ వినిపిస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం వంటలో కలిపి 15 నిమిషాలు ఉడికిస్తే 40 శాతం, గంట ఉడికిస్తే 25 శాతం ఆల్కహాల్ మిగులుతుంది. రెండున్నర గంటల తర్వాత కూడా 5 శాతం ఉంటుంది.

చికెన్, మటన్ సంగతి వేరే. మెనూలో ఉండే వెజ్, నాన్‌వెజ్ గుర్తులు హలాల్ అవునో కాదో చెప్పవు. ప్రభుత్వ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ఆహార భద్రతకి సంబంధించినది మాత్రమే. హలాల్ సర్టిఫికెట్ ఇచ్చేవి జమియత్ ఉలమా హింద్ హలాల్ ట్రస్ట్, హలాల్ ఇండియా లాంటి సంస్థలు. కాబట్టి మాంసం ఎక్కడి నుంచి వస్తుంది, పంది మాంసం వేయించిన నూనెలోనే మిగతావీ వేయిస్తారా అని ముందే ఫోన్ చేసి అడగాలి. జవాబు తడబడితే వెజ్ వైపు వెళ్లడం మేలు. అక్కడ కూడా నూనె సంగతి, బీరు పిండి సంగతి అడగాల్సిందే.

గ్లాసులో

'వర్జిన్ మొహితో' అంటే రమ్ లేనిది. అయితే అదే షేకర్‌లో అంతకు ముందు మద్యం కలిపి ఉండొచ్చు, కడిగి చేయమని చెప్పాలి. 'నాన్ ఆల్కహాలిక్ బీర్' విషయంలో జాగ్రత్త. భారత నిబంధనల ప్రకారం 0.5 శాతం దాటితేనే అది మద్యం కింద లెక్క. అంటే ఆ లోపు ఆల్కహాల్ ఉన్నా ఆ పేరుతో అమ్మొచ్చు. సీసా మీద 0.0 అని ఉందో లేదో చూడాలి. సీల్ తీయని నీళ్ల బాటిల్, ఫ్రెష్ లైమ్ సోడాతో ఈ తలనొప్పి లేదు.

బిల్లులో

చాలామంది పట్టించుకోనిది ఇదే. భోజనానికి జీఎస్టీ పడుతుంది, మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం. మద్యం జీఎస్టీ కిందికి రాదు, దాని మీద రాష్ట్ర ప్రభుత్వం వ్యాట్ వేస్తుంది. అందుకే బిల్లులో ఫుడ్, లిక్కర్ లెక్కలు ఎలాగూ వేరువేరుగా ఉంటాయి. రెండు బిల్లులు చేయమంటే కౌంటర్‌లో పెద్ద పనేం కాదు.

ఉదాహరణకి ఎనిమిది మంది వెళ్లారు, భోజనం 8,000, మద్యం 12,000 రూపాయలు అయింది అనుకుందాం. మొత్తం కలిపి సమానంగా పంచితే తలా 2,500. భోజనం మాత్రమే పంచుకుంటే తలా 1,000. అంటే ఒక్క చుక్క ముట్టనివాడు కూడా 1,500 రూపాయలు మద్యానికి కట్టినట్టే. 'నేను ఫుడ్ బిల్‌లో వాటా ఇస్తాను' అని ఆర్డర్ ఇవ్వకముందే చెప్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. బిల్లు వచ్చాక చెప్తే పిసినారితనంలా కనిపిస్తుంది.

సర్వీస్ చార్జ్ కట్టడం కస్టమర్ ఇష్టం. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022లో ఇచ్చిన ఈ ఆదేశాన్ని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. బలవంతంగా వేస్తే 1915కి ఫోన్ చేయొచ్చు.

తిరుగు ప్రయాణం

రాత్రి ఆలస్యమైతే ఎల్బీ నగర్ వైపు ఆఖరి మెట్రో టైమ్ ముందే చూసుకోవాలి. తాగిన స్నేహితుడి బండి వెనక కూర్చోవడం అన్నిటికంటే ప్రమాదం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాల్ ఉంటే నడిపేవాడికి మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రాణానికి మాత్రం లెక్క లేదు.

వెళ్లాలా, వద్దా?

పైవన్నీ తిండికి సంబంధించినవి. మద్యం తిరిగే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవద్దన్న హదీసు ఉంది, కాబట్టి తాగకపోయినా అక్కడ కూర్చోవడం మీదే చాలామంది ఉలమాకు అభ్యంతరం. ఉద్యోగ పరిస్థితి ఎవరిది వారికే తెలుసు కనుక, తమ ఇంటి దగ్గరి ఆలిమ్‌ని అడిగి తేల్చుకోవడం మంచిది. పిల్లలు అబద్ధం చెప్పి వెళ్లే పరిస్థితి తెచ్చుకోకుండా, ఇంట్లో ఈ మాట ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

వద్దనుకుంటే మేనేజర్‌కి రెండు ముక్కల్లో చెప్పొచ్చు: 'మద్యం ఉన్న చోటికి నేను రాను, లంచ్ అయితే తప్పకుండా వస్తాను.' ఆఫీసుల్లో డైట్ వల్ల, ఉపవాసం వల్ల, మందుల వల్ల తాగనివాళ్లు ఇంకా ఉంటారు. అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి అడిగితే చోటు మారడం కష్టం కాదు. మలక్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మండీ రెస్టారెంట్లు ఎన్నో ఉన్నాయి. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ టీమ్ అంతా కూర్చుని తినొచ్చు. 'ఈసారి మా ఏరియాకి రండి' అని ముందుగా పిలిచే పని ఆ టీమ్‌లోని దిల్‌సుఖ్‌నగర్ పిల్లలే చేయొచ్చు.