వ్యాధికి ముందు పరీక్ష: ప్రాణములు, ఖర్చులు

నల్లరేగడిలో ప్రత్తి వేసిన రైతు చేనిలో లింగాకర్షక బుట్టలు కట్టి, వానిలో పడిన రెక్కల పురుగులను లెక్కించును. లెక్క హద్దు దాటినప్పుడే మందు కొట్టును. చూడక ఊరకున్నచో పంట పోవును. చూడకయే మందు కొట్టినచో పెట్టుబడి పోవును. జబ్బు బయటపడక మునుపే జరుపు ఆరోగ్య పరీక్షల విషయమునను ఇదియే న్యాయము.

ఇట్టి పరీక్షలు పల్లెలకు అవసరమా యని కొందరు సందేహింతురు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో మరణ కారణములను విచారింపగా, నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధుల వలన సంభవించినవని తేలినది. ఈ వ్యాధులకు ముఖ్య కారణమైన రక్తపోటు నొప్పి కలిగింపదు. పక్షవాతము వచ్చువరకు అది ఉన్నట్లే తెలియకపోవచ్చును. కొలిచి చూచిన గాని దానిని పట్టుకొనలేము.

పరీక్ష వలన మరణములు నిజముగా తగ్గునా? ఇందుకు మనకు పొరుగు రాష్ట్రమున నిదర్శనము కలదు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో ఉండిన ఉస్మానాబాదు జిల్లాలో, అనగా మహారాష్ట్రములోని నేటి ధారాశివ్ జిల్లాలో, 1999లో ఒక పరిశోధన ఆరంభమైనది. 30 మొదలు 59 ఏండ్ల వరకు వయస్సుగల 1,31,746 మంది గ్రామీణ స్త్రీలు అందు చేరిరి. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు మూలమైన హెచ్.పి.వి. అను వైరసు కొరకు వారిలో ఒక వర్గమునకు ఒకే ఒక్కసారి పరీక్ష జరిపి, దోషమున్నవారికి చికిత్స చేసిరి. ఎనిమిదేండ్లలో ఆ వర్గమున ఈ క్యాన్సరు మరణములు, పరీక్ష లేని వర్గముతో పోల్చగా, సుమారు సగమునకు తగ్గినవి. అయితే అచ్చటనే ప్రయోగించిన మరి రెండు పద్ధతులకు అట్టి ఫలితము రుజువు కాలేదు.

కావున పరీక్షలన్నియు సమానములు కావు. అన్ని పరీక్షలను ఒక్కుమ్మడిగా జరుపు పద్ధతిపై వచ్చిన 14 పరిశోధనలను కోక్రేన్ సంస్థ 2012లో సమీక్షించి, మొత్తము మరణములు తగ్గిన జాడ లేదని తేల్చినది. దక్షిణ కొరియాలో థైరాయిడ్ గ్రంథిని స్కానింగుతో చూచుట వ్యాపింపగా, 1993తో పోల్చిన 2011 నాటికి ఆ క్యాన్సరు గుర్తింపు 15 రెట్లయినది. మరణముల లెక్క మాత్రము దాదాపు మారలేదు. హాని చేయని గడ్డలకు సైతము శస్త్రచికిత్సలు జరిగినవి. పురుగు లేని చేనికి మందు కొట్టుట యనగా ఇదియే.

ఇక ఖర్చు మాట. పరీక్షల వలన మొదట ఖర్చు పెరుగును. క్రొత్త రోగులు బయటపడుదురు, వారికి దినదినమును మాత్రలు కావలయును. పక్షవాతము తప్పిన ఇంటికి అది గొప్ప ఆదాయే. కాని ఒక్కరిని కాపాడుటకు అనేకులను పరీక్షింపవలసియుండును గనుక, సమాజమునకు ప్రతి పరీక్షయు డబ్బు మిగుల్చదు. ఆ డబ్బుతో మనము కొనునది ఆయుర్దాయము.

30 ఏండ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహము, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు జరుపవలెనని భారత ప్రభుత్వము 2016లో మార్గదర్శకములు వెలువరించినది. గుంటూరు, ప్రకాశం మండలమున మిరప కోతల వేళ దినకూలి వదలుకొని ఆసుపత్రికి వచ్చుట కూలి స్త్రీకి కష్టము. కోతలు ముగిసిన పిదప వాడవాడకు పరీక్ష రావలెను. దోషము తేలినవారు చికిత్స చేరువరకు వెంట నిలుచువారును ఉండవలెను. పరీక్షకు పోవువారు సైతము ఈ పరీక్ష ఏ వ్యాధి కొరకు, దోషము తేలినచో వైద్యమెచ్చట అని అడిగి తెలిసికొనుట మేలు.