ముప్ఫై దాటినా మొటిమలేనా?

మొటిమలు పడుచుతనపు ముచ్చట అనీ, పెళ్లయితే అవే పోతాయనీ మన పెద్దలు అంటూ ఉంటారు. చాలామందికి ఇరవై దాటాక తగ్గేమాట నిజమే. కాని ముప్ఫై, నలభై ఏళ్లొచ్చినా మొటిమలు వదలనివారూ, ఆ వయసులో కొత్తగా మొదలయ్యేవారూ ఉన్నారు. వీరిలో స్త్రీలే ఎక్కువ. నలుగురూ నవ్వుతారన్న సిగ్గుతో డాక్టరు దగ్గరకు రాకుండా మందుల షాపుకు వెళతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

రెండూ ఒకటి కావు

పెద్ద వయసు స్త్రీలలో మొటిమలు ఎక్కువగా గడ్డం, దవడల మీద లేస్తాయి. నెలసరికి ముందు హెచ్చుతాయి. నెలసరి క్రమం తప్పినా, పైపెదవి మీదా గడ్డం మీదా వెంట్రుకలు మొలుస్తున్నా అండాశయాలకు, హార్మోన్లకు సంబంధించిన పరీక్షలు అవసరం కావచ్చు.

రోజేసియా వేరే జబ్బు. ఇందులో బుగ్గలు, ముక్కు, నుదురు ఎర్రబారి వేడెక్కి మండుతాయి. పొక్కులు లేస్తాయి గాని మొటిమలకుండే నల్లని మొనలు వీటికి ఉండవు. ఎండ, పొయ్యి సెగ, వేడి టీ, కారం, మద్యం, ఆందోళన దీన్ని రెచ్చగొడతాయి. కొందరికి కళ్లు కూడా మండుతాయి. చామనచాయ వారిలో ఎరుపు స్పష్టంగా కనిపించదు గనుక జబ్బును పోల్చుకోవడం ఆలస్యమవుతుంది. ముక్కు ఎర్రబడ్డవాళ్లందరూ తాగుబోతులని అనుకోవడం అన్యాయం. చుక్క ముట్టనివారికీ ఇది వస్తుంది.

ఆ ట్యూబులో ఏముంది?

నల్లచెరువు చుట్టుపక్కల వేరుసెనగ చేలలో ఎండనక పనిచేసే ఒక ఇల్లాలు కొంగుతో ముఖం కప్పుకుని నా దగ్గరకు వచ్చింది. "ఈ కిరీము రాస్తే బాగుంటాది సార్, ఒక్కరోజు మానితే మొగమంతా మంటెత్తిపోతాది" అంది. పక్కింటామె చెబితే కొన్న ట్యూబు. అందులో ఉన్నది క్లోబెటాసోల్ అనే ఘాటైన స్టిరాయిడ్.

స్టిరాయిడ్ పూసిన రెండు మూడు రోజులకే ఎరుపు తగ్గుతుంది, రంగు తేలుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. మొటిమలు మళ్లీ విరగబడి లేస్తాయి. మన దేశపు చర్మవైద్యులు 2008లో ఈ దుస్థితికి ప్రత్యేకంగా పేరే పెట్టారంటే ఇది ఎంత విస్తరించిందో ఊహించుకోండి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ లేపనాలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదు.

అలాగని వాడుతున్న ట్యూబును ఈ రాత్రే పారేయకండి. ఒక్కసారిగా మానితే మంట ఎక్కువ కావచ్చు. ఎలా మానాలో డాక్టరు చెబుతారు.

ఎవరిని చూడాలి?

మొదట మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, కదిరి ఆసుపత్రిలో గాని చూపించుకోండి. అవసరమైతే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగానికి చీటీ రాయించుకోండి. బయట చూపించుకునేవారు బోర్డు మీద ఎం.డి. లేదా డి.డి.వి.ఎల్. అన్న చర్మవ్యాధుల పట్టా ఉందో లేదో చూసుకోవాలి. ఇంతవరకు పూసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకువెళ్లండి. సిగ్గుపడి దాస్తే నష్టం మీకే.

మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్. రోజేసియాకు మెట్రోనిడజోల్, ఐవర్‌మెక్టిన్ లేపనాలు. కొందరికి డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. మొండి మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్‌ను గర్భిణులు ముట్టరాదు. బిడ్డకు అంగవైకల్యం వస్తుంది. గర్భం వచ్చే అవకాశం ఉన్నవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

ఏ మందుకైనా రెండు మూడు నెలల ఓపిక కావాలి. ఈలోగా మొటిమలు గిల్లకండి, ముఖాన్ని నిమ్మకాయతో రుద్దకండి, ఎండలోకి వెళ్లేటప్పుడు కొంగో టోపీయో వేసుకోండి. కొంగు ఎండకు అడ్డం పెట్టుకోండి గాని, డాక్టరు ముందు మాత్రం తీసేయండి.