వీధి అరుగు

పాతకాలపు తెలుగు ఇంటికి పోయినవారికి మొదట ఎదురుపడునది తలుపు కాదు, అరుగు. వీధి గుమ్మమునకు ఇరుప్రక్కల గోడను ఆనుకొని మోకాలి ఎత్తున, కొన్ని ఇండ్లలో నడుము ఎత్తున కట్టిన తిన్నె ఇది. ఇంటి కప్పు గోడతో ఆగక, చూరు రూపమున దీనిమీదుగా వీధివైపునకు సాగివచ్చును. ఆ చూరు బరువును మోయుటకు అరుగు అంచున కొయ్య స్తంభములనో రాతి స్తంభములనో నిలుపుదురు. నడుమ మెట్లు, మెట్లపైన గడప. ఇంతకుమించిన చమత్కారము దీని నిర్మాణమున లేదు. అయినను ఈ చిన్న కట్టడము గోడను కాపాడినది, ఇంటికి నీడనిచ్చినది, ఊరివారిని ఒకచోట కూర్చుండబెట్టినది. ఈ మూడు పనులను అది ఎట్లు నెరవేర్చినదో ముందుగా చూతము. దానిపై ఎవరికి చోటు దొరకినది, ఎవరికి దొరకలేదు అను ప్రశ్నను కూడ మనము తప్పించుకొనరాదు.

అరుగు, తిన్నె అను మాటలు రెండును మనకు వాడుకలో ఉన్నవి. తమిళులు దీనిని తిణ్ణై యందురు. కన్నడిగులు జగలి యందురు. చెన్నపట్టణమునుండి పాలించిన ఆంగ్లేయులు తమ రికార్డులలో ‘పయాల్’ అని వ్రాసిరి. అది పోర్చుగీసు భాషనుండి వారికి సంక్రమించిన మాట. వసారా, పంచ, వరండా అను మాటలు కప్పు క్రింది చోటును తెలుపును. అరుగు అను మాట కూర్చుండుటకై ఎత్తుచేసిన తిన్నెను తెలుపును. ఒకే ఇంట రెండును ఉండవచ్చును.

మట్టిగోడకు ప్రధాన శత్రువు వాన. పైనుండి పడు చినుకుకంటె, చూరునుండి జారి నేలను తాకి తిరిగి పైకెగయు చినుకు దానికి ఎక్కువ హాని చేయును. గోడ అడుగు భాగము నిత్యము తడిసి, మెత్తబడి, క్రమముగా కోసుకొనిపోవును. అడుగు బలహీనమైన గోడ ఎంత మందముగా ఉన్నను నిలువదు. చూరును రెండుమూడు మూరలు ముందుకు సాగదీసి, గోడ పాదమున అరుగు కట్టినచో వానధార గోడకు దూరముగా పడును. వాన దెబ్బ ఏదైన తగిలినచో అరుగు అంచునకు తగులును. అరుగును మరమ్మతు చేయుట సులభము. మట్టి మెత్తి, పేడతో అలికి, ముగ్గు పెట్టినచో అది మరల క్రొత్తదగును. పండుగకు ముందు ఇల్లాలు అరుగు అలుకుటలో శుభ్రతయే గాక గోడ సంరక్షణయు ఇమిడియున్నది. ఇదియుగాక, అరుగు గోడకు దన్నుగా నిలిచి అది ముందునకు ఒరుగకుండ ఆపును.

ప్రాంతమునుబట్టి అరుగు వస్తువు మారినది. రాయలసీమలో కడప బండలు, తెలంగాణములో తాండూరు, షాబాదు బండలు పరచిరి. కృష్ణా గోదావరి మండలములలో ఇటుకతో కట్టి సున్నపు గచ్చు చేసిరి. ఉత్తర కోస్తాలోని తాటాకు చుట్టిండ్లలో కప్పు బాగుగా క్రిందికి దిగి, వానను, గాలివాన ఉరవడిని గోడకు తగులనీయకుండ అడ్డుకొనును.

ఇక ఎండ సంగతి. మన రాష్ట్రములు రెండును సుమారు 13 మొదలు 20 డిగ్రీల ఉత్తర అక్షాంశముల నడుమ నున్నవి. నడివేసవిలో మధ్యాహ్న సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉండును. అట్టి ఎండకు పెద్ద గొడుగు అక్కరలేదు. కొద్దిపాటి చూరు చాలును, గోడ అంతయు నీడన పడును. నీడనున్న గోడ వేడెక్కదు. వేడెక్కని గోడ రాత్రివేళ ఇంటిలోనికి వేడిని వదలదు. ఉదయ సాయంకాలముల ఏటవాలు ఎండ మాత్రము చూరు క్రిందనుండి లోనికి చొచ్చివచ్చును. బండలు పరచిన అరుగు ఆ వేడిని పీల్చుకొని, ప్రొద్దుగూకిన పిమ్మట మెల్లగా విడుచును. అందుచేతనే సాయంత్రము అరుగుమీదను వాకిటను నీళ్లు చల్లెడివారు. నీరు ఆవిరియగుచు రాతిలోని వేడిని తీసికొనిపోవును. శాస్త్రము పేరు తెలియకున్నను దాని ఫలమును మన పెద్దలు అనుభవించిరి.

నీడయున్న చోటికి మనుష్యులు చేరుదురు. అరుగు ఇంటివారి సొత్తే అయినను వీధిలోనివారికి అందుబాటులో ఉన్న చోటు. లోనికి రమ్మని పిలువకయే ఒకరిని కూర్చుండుమనుటకు అది వీలిచ్చినది. బాటసారి రాత్రి తలదాచుకొనుటకు, కుట్టుపనివాడు మిషను పెట్టుకొనుటకు, వృద్ధులు ప్రొద్దుపుచ్చుటకు, రైతులు బేరము తెగనాడుకొనుటకు అదే స్థలము. పలు గ్రామములలో అరుగు బండలపై పులిజూదపు గీతలు చెక్కి ఉండుట నేటికిని చూడవచ్చును. మగవారు పొలమునకు పోయిన మధ్యాహ్నవేళ అదే అరుగుపై స్త్రీలు బియ్యమేరుచు, తలలు దువ్వుకొనుచు ఊరి మంచిచెడ్డలు మాట్లాడుకొనెడివారు.

అరుగు బడియు అయినది. గ్రీకుదేశమున క్రీస్తుకు పూర్వము 300 ప్రాంతమున జీనో అను తత్త్వవేత్త ఏథెన్సు నగరములో చిత్రములుగల ఒక స్తంభశాలలో బోధించెను. ఆ శాలను వారు స్టోవా అందురు. దానినిబట్టియే ఆయన శిష్యులకు స్టోయిక్కులను పేరు వచ్చినది. మన పంతులుగారి అరుగునకు అంతటి కీర్తి దక్కకున్నను, వందలకొలది గ్రామములకు అది అక్షరములు నేర్పినది. మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధానియందలి దేశీయ పాఠశాలల లెక్క తెప్పించెను. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో తన జిల్లాయందు 533 బడులు, వానిలో 6,641 మంది విద్యార్థులు కలరని వ్రాసెను. నేటి అనంతపురము సీమయు నాడు ఆ జిల్లాలోనిదే. పిల్లలు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటను, పెద్ద విద్యార్థులు చిన్నవారికి పాఠము చెప్పుటను ఆయన మెచ్చుకొనెను. అంతకు పూర్వమే డాక్టరు ఆండ్రూ బెల్ చెన్నపట్టణములో ఈ పద్ధతులను గమనించి, 1797లో ఇంగ్లండున ఒక పుస్తకము ప్రకటించెను. అక్కడ అది మదరాసు పద్ధతియని పేరొందినది.

అదే నివేదికలో మరియొక అంకె కలదు. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. అరుగు అందరిదియని మనము గర్వముగా చెప్పుకొనునప్పుడు ఈ అంకెను జ్ఞాపకముంచుకొనవలెను. అరుగు ఆతిథ్యమునకు గుర్తనుట ఎంత సత్యమో, అంతరమునకు హద్దనుటయు అంతే సత్యము. ఊరి చివర నివసించు పాలేరు కూలిగింజలకై వచ్చి వీధిలోనే నిలువవలసినవాడు. అరుగు ఎక్కుట అటుంచి, దాని అంచును తాకుటయు తప్పుగా ఎంచబడెడిది. కులమునుబట్టి కొందరు పైఅరుగున, కొందరు క్రింది మెట్టున, కొందరు నేలపైన కూర్చుండెడివారు. మూడడుగుల ఎత్తుగల తిన్నె మీద సమాజపు మెట్లన్నియు కనబడెడివి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసినది; 1955లో దానిని శిక్షార్హము చేయుచు చట్టము వచ్చినది. చట్టము బడి తలుపును, బావి గట్టును తెరిపింపగలదు. సొంత అరుగుపై పొరుగువానిని ‘కూర్చుండుము’ అనవలసినది మాత్రము ఇంటి యజమానియే.

రేడియో శ్రోతలకు అరుగుతో వేరొక చుట్టరికము కలదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైన నాటికి రేడియో పెట్టె గ్రామమునకు ఒకటి ఉండుటయే గొప్ప. పెట్టెయున్న ఇంటివారు దానిని కిటికీ దగ్గర పెట్టి వీధివైపునకు త్రిప్పెడివారు. వార్తలవేళకు, హరికథవేళకు అరుగు నిండెడిది. విన్నదానిని గూర్చి వాదము అక్కడనే జరిగెడిది. 1956లో పూనా ప్రాంతమున 150 గ్రామములలో ఆకాశవాణి, యునెస్కో సహాయముతో గ్రామ శ్రోతృసంఘముల ప్రయోగము చేసినది. కార్యక్రమమును కలిసి వినుట, విన్నదానిని చర్చించుట, తోచినదానిని ఆచరించుట ఆ సంఘముల పద్ధతి. ఒంటరిగా వినినదానికంటె కూడి వినినది మనసున నాటుననుట అరుగుమీద కూర్చుండినవారికి ముందే తెలిసిన విషయము.

నేడు అరుగు తగ్గిపోవుటకు కారణములు పెక్కు. కాంక్రీటు కప్పునకు, ఇటుక గోడకు వానభయము లేదు. కావున గోడను కాపాడు పని తీరిపోయినది. పంకాలు, శీతలయంత్రములు వచ్చి నీడపని తగ్గినది. టెలివిజను జనమును లోపలికి పిలిచినది. వాహనము నిలుపుటకు ఇంటి ముందు చోటు కావలసివచ్చినది. ప్రహరీ గోడ లేచినది. పాత సిమెంటు బాటపైననే క్రొత్త బాట వేయుచు పోగా వీధి ఎత్తు పెరిగి, ఒకప్పుడు నడుమెత్తున ఉన్న అరుగు కొన్ని ఊళ్లలో నేలమట్టమైనది. వీధి వెడల్పు చేయునపుడు మొదట పోవునదియు అరుగే. పోయినది కూర్చుండు చోటు మాత్రమే కాదు. అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో ప్రకటించిన గ్రంథమున, వీధిని చూచుచుండు కన్నులే వీధికి కాపలాయని వాదించినది. ప్రహరీ లోపలి ఇల్లు వీధిని చూడదు. బిడ్డ తప్పిపోయినను, వృద్ధుడు జారిపడినను చూచువారుండరు.

పాత ఇంటిని తిరిగి కట్టుడని మేము చెప్పము. ఇల్లు కట్టుకొనువారు ప్రహరీ గోడ వెలుపల, తమ హద్దులోనే, మురుగుకాలువకు అడ్డురాకుండ, ఒకటిన్నర అడుగు ఎత్తు, అంతే వెడల్పుగల తిన్నె నొకదానిని కట్టింపవచ్చును. దానిపై చిన్న చూరునో వేపచెట్టు నీడనో ఏర్పరుపవచ్చును. బహుళ అంతస్తుల భవనములలో మెట్లదగ్గర నాలుగు బల్లలు వేయుట కష్టము కాదు. పనిమనిషి, కాపలాదారు, సరుకులు తెచ్చు కుర్రవాడు అడుగకయే అచ్చట కూర్చుండగలిగినపుడే అది అరుగు అనిపించుకొనును. పూర్వపు అరుగు మంచిని నిలుపుకొని, దాని లోపమును విడుచుటకు అదియే మార్గమని మా అభిప్రాయము.