ప్రశంస: పలుకులు, మర్యాదలు

ఎదుటివారిలోని మంచిని మెచ్చుకోవడం సద్గుణమే. అయితే ఆ మెప్పు హద్దు దాటితే మేలుకు బదులు కీడు చేస్తుంది. కనుకనే ఇస్లాం ధర్మం ప్రశంసకు తగిన పలుకులను, మర్యాదలను నేర్పింది.

ఒక వ్యక్తి దైవప్రవక్త (స) సమక్షంలో మరొకరిని పొగిడినప్పుడు, అది మిత్రుని మెడ కోయడమేనని ఆయన మందలించారు. పొగడక తప్పనప్పుడు, “ఫలానా వ్యక్తి ఇటువంటివాడని నేను భావిస్తున్నాను; అతని లెక్క చూసేవాడు అల్లాహ్‌యే” అనే భావం వచ్చేలా చెప్పమన్నారు. అదీ తనకు నిజంగా తెలిసిన విషయమైతేనే. అబూ బక్రా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

ఇమామ్ గజాలీ (మరణం 1111) పొగడ్తలో ఆరు ఆపదలను పేర్కొన్నారు. అతిశయోక్తి వల్ల అబద్ధం, కపటం, తెలియనిదానిని నిర్ధారించడం, దుర్మార్గుణ్ణి సంతోషపెట్టడం - ఈ నాలుగూ పొగిడేవానివి. అహంకారం, సత్కార్యాలలో అలసత్వం - ఈ రెండూ పొగడ్త పొందినవానివి.

మరి దైవప్రవక్త (స) స్వయంగా కొందరు సహచరులను వారి ముందే మెచ్చుకున్నారు కదా? తన వస్త్రం ఒకవైపు జారుతుందని చెప్పిన హజ్రత్ అబూ బక్ర్ (రజి)తో, గర్వంతో అలా చేసేవారిలో మీరు లేరని అన్నారు. ఇమామ్ నవవీ (మరణం 1277) దీనిని ఇలా సమన్వయపరిచారు: దృఢ విశ్వాసం గలిగి, పొగడ్తకు పొంగిపోనివారిని ఎదుట మెచ్చుకోవచ్చు, అహంకారంలో పడతారనే భయం ఉన్నవారి విషయంలో అది తగదు.

అందచందాలను మెచ్చుకునేటప్పుడు మరో మర్యాద ఉంది. స్నానం చేస్తున్న సహ్ల్ బిన్ హునైఫ్ (రజి) మేనిఛాయను ఆమిర్ బిన్ రబీఆ (రజి) మెచ్చుకోగా, సహ్ల్ వెంటనే జబ్బుపడ్డారు. శుభం కోసం ఎందుకు ప్రార్థించలేదని దైవప్రవక్త (స) ఆమిర్‌ను నిలదీశారు. ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో ఈ సంఘటన ఉంది.

మన ప్రాంతంలో చంటిబిడ్డను చూడగానే “మాషా అల్లాహ్” అంటారు. అది మంచి పలుకే. దివ్య ఖుర్ఆన్ (18:39)లో ఒక తోట యజమానికి, తన తోటలో ప్రవేశించినప్పుడు అనవలసిన మాటగా అది బోధించబడింది. ఇతరుల సిరిసంపదలను, బిడ్డలను చూసినప్పుడు మాత్రం ఆ పలుకుతో ఆగిపోక, “బారకల్లాహ్” అంటూ వారికి శుభం కలగాలని ప్రార్థించడం పై హదీసు నేర్పిన పద్ధతి.

ఇక పొగడ్త పొందినవారి మర్యాద. సహచరులలో ఒకరు తనను ఎవరైనా పొగిడితే, వారి మాటలకు తనను పట్టుకోవద్దనీ, వారికి తెలియని తన తప్పులను క్షమించమనీ అల్లాహ్‌ను వేడుకునేవారని ‘అల్ అదబుల్ ముఫ్రద్’లో ఉంది.

పొగిడేవాడు తెలిసినంతే పలికి శుభం కోరాలి. పొగడ్త విన్నవాడు తన లోపాలను తలచుకోవాలి. అప్పుడు ప్రశంస ఇద్దరికీ మేలు చేస్తుంది.